చలికాలం పెట్రోలు, కారు నెత్తిన పెట్టె

(మిషిగన్‌లో డెట్రాయిట్ శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలు డిసెంబరులో ఒక శనివారం కలుసుకున్నప్పుడు, ఇంజిన్ల పని చేసే ఒక ఇంజినీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే. భోజనాలకి ఇంకా టైముంది కాబట్టి ఎవరూ లేచి వెళ్లరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా పెట్రోలుని గ్యాస్ అనడానికి నాకు నోరు తిరగలేదు. గ్యాస్ అంటే ఇప్పటికీ వంటింట్లో బండే నాకు. ఆఫీసులో నవ్వుతుంటారు. కానీ చలికాలం వచ్చేసరికి వాళ్ల మాటే నిజమవుతుంది. మీరు ఈ వారం ట్యాంకులో పోసుకున్న పెట్రోల్లో వంటగ్యాసు సరుకు కొంత నిజంగానే కలిసి ఉంది. అదెందుకో, దానివల్ల మైలేజీ ఎంత పోతుందో, దాని మీదికి తోసేసి మనం చేసుకున్నవి ఎన్ని దాచుకుంటున్నామో... ఇవాళ అదే చెప్తాను.

మా ఆడపడుచు కొడుకు ముందు వరసలోనే కూర్చున్నాడు. పేరు చెప్పనని మాటిచ్చాను. (నవ్వులు) పోయిన జనవరిలో ఫోన్ చేశాడు. “అత్తా, ఎండాకాలంలో గ్యాలన్‌కి 28 మైళ్లు ఇచ్చిన బండి ఇప్పుడు 21 ఇస్తోంది. మా వీధి చివర బంకువాడు పెట్రోల్లో ఏదో కలుపుతున్నాడు” అన్నాడు. కలుపుతున్న మాట నిజమేరా, అయితే కలిపేది ఆ బంకువాడు కాదు, రిఫైనరీ వాళ్లు, అదీ చట్టం ఒప్పుకున్నంత మేరకే అన్నాను. కానీ దానివల్ల నీకు పోయేది అర మైలు. మిగతా ఆరున్నర ఎక్కడ పోయాయో చూద్దాం, ఆదివారం బండేసుకుని రా అన్నాను. వచ్చాడు. బండి వాకిట్లో ఆగీ ఆగగానే సగం లెక్క అక్కడే తేలిపోయింది.

ఆ సగం సంగతి తర్వాత చెప్తాను. ముందు పెట్రోలు సంగతి.

పెట్రోలు మండదండీ. పెట్రోలు ఆవిరి మండుతుంది. ద్రవంగా ఉన్నంతసేపూ ఎంత నిప్పురవ్వ చూపించినా ఇంజిన్ రాజుకోదు. ఎండాకాలంలో ఆవిరి దానంతటదే లేస్తుంది. జనవరి పొద్దున్న సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో లేవదు. ఇవాళ నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌వే. కాబట్టి చలికాలంలో తేలిగ్గా ఆవిరయ్యే సరుకు పెట్రోల్లో ఎక్కువ ఉండాలి. ఆ గుణాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. పెట్రోలుని 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడిచేసి, దాని ఆవిరి ఎంత ఒత్తిడి పెడుతోందో చూస్తారు. విజయవాడలో మే నెలలో 100 డిగ్రీలంటే ఆ రోజు కాస్త చల్లబడిందని అర్థం, అది వేరే సంగతి. ఆ ఒత్తిడిని మేం ఆర్‌వీపీ అంటాం. పీఎస్ఐల్లో చెప్తాం, టైర్లో గాలి చెప్పినట్టే.

ఎండాకాలంలో ఈ ఒత్తిడి మితిమీరకుండా ఇక్కడి పర్యావరణ సంస్థ, అదే ఈపీఏ, 1989లో పరిమితులు పెట్టడం మొదలుపెట్టింది, 1992లో ఇంకా బిగించింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా బంకుల్లో అమ్మే పెట్రోలుకి చాలా చోట్ల 9 పీఎస్ఐ హద్దు. పది శాతం ఇథనాల్ కలిపినదానికి ఒక పాయింటు సడలింపు ఉంటుంది. మన డెట్రాయిట్ చుట్టుపక్కల ఎనిమిది కౌంటీలకైతే 2007లో ఇంకా దించి 7 చేశారు. ఎందుకంటే ట్యాంకుల్లోంచి, పంపుల దగ్గర్నుంచి లేచిన ఆవిరి, బండ్ల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో కలిసి నేల దగ్గర ఓజోన్ అవుతుంది. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ ఇక్కడ ముక్కు దగ్గరికొస్తే ఆయాసం తెప్పిస్తుంది.

చలికాలం వచ్చేసరికి ఆ హద్దు ఉండదు. ఇక్కడ 15 దాకా పోవచ్చు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7. అంటే జనవరి పెట్రోలుని దాచిపెట్టి జులై ఎండలో, 100 డిగ్రీలప్పుడు మూత తీస్తే పాలు పొంగినట్టు పొంగుతుంది. దయచేసి ఇంట్లో చేసి చూడకండి. (నవ్వులు)

ఆ ఒత్తిడి పెంచడానికి కలిపేదే బ్యూటేన్. మన ఊళ్లో గ్యాస్ బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన సరుకే. బ్యూటేన్ నీరు గడ్డకట్టే చలికి ఒక్క డిగ్రీ కింద, 31 ఫారెన్‌హీట్‌లోనే మరుగుతుంది. పైగా చవక. అందుకే అక్టోబరు తర్వాత పెట్రోలు ధర కొంత దిగుతుంది. వసంతంలో బ్యూటేన్ తగ్గించి, ఎక్కువ ఖర్చుతో తయారయ్యే ఎండాకాలం సరుక్కి మళ్లుతారు కాబట్టి ఏప్రిల్లో ధర ఎక్కడానికి అదీ ఒక కారణం. కానీ బ్యూటేన్ తేలిక. గ్యాలన్ కొలతలో దాని బరువు తక్కువ, బరువు తక్కువైతే అందులో ఉండే శక్తీ తక్కువ. డబ్బులు గ్యాలన్‌కి ఇస్తాం, బండి మాత్రం శక్తి మీద నడుస్తుంది. తేడా ఎంతంటారా? ఈపీఏ లెక్కలో ఎండాకాలం పెట్రోల్లో చలికాలం పెట్రోలుకంటే 1.7 శాతం శక్తి ఎక్కువ. అంతే. 28 మైళ్లలో అర మైలు లోపు. నవంబరు నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో తిట్లు తినేది ఈ 1.7 శాతమే.

ఇథనాల్ని కూడా దీనితో కలిపి తిడతారు కొందరు. ఇథనాల్లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువన్నది నిజం. పది శాతం కలిపితే మైలేజీ సుమారు మూడు శాతం తగ్గుతుంది. కానీ అది జులైలోనూ ఉంది, జనవరిలోనూ ఉంది. చలికాలంలో కొత్తగా పడిపోయిన మైలేజీకి దాన్ని బాధ్యురాల్ని చేయలేం. డీజిల్ ట్రక్కులున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్లకి ఒక్క ముక్క: డీజిల్లో ఉండే మైనం చలికి పేరుకుని ఫిల్టరుకి అడ్డం పడుతుంది, నెయ్యి పేరుకున్నట్టు. అది జరక్కుండా తేలికపాటి డీజిల్ కలుపుతారు. దాంట్లోనూ శక్తి కొంచెం తక్కువే.

మరి అసలు నష్టం ఎక్కడ? చలిలో. పెట్రోల్లో కాదు, చలిలో.

ఇక్కడికి ముప్పావు గంట దూరంలో ఆన్ ఆర్బర్‌లో ఈపీఏ వాళ్ల బండ్ల ప్రయోగశాల ఉంది. కొత్త కారు అద్దానికి అంటించి ఉంటుందే మైలేజీ కాగితం, దాని వెనక ఉన్న లెక్కలకి అది పుట్టిల్లు. 2008 మోడల్ బండ్ల నుంచి ఆ లెక్కలో 20 డిగ్రీల చలిలో చేసిన పరీక్షని కూడా చేర్చారు, చేర్చక తప్పలేదు. ప్రభుత్వం లెక్క ప్రకారం మామూలు పెట్రోలు కారు ఊళ్లో తిరిగేటప్పుడు 77 డిగ్రీల్లో ఇచ్చినదానికంటే 20 డిగ్రీల్లో సుమారు 15 శాతం తక్కువ ఇస్తుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణాలే అయితే 24 శాతం దాకా పోతుంది. పెట్రోలుతోపాటు బ్యాటరీ మీదా నడిచే హైబ్రిడ్‌లైతే 30 శాతం పైనే, పాపం. ఇంజిన్ ఆపి ఆదా చేయడమే దాని విద్య. చలికాలంలో మనకి కాళ్ల దగ్గర వెచ్చగా ఉండాలంటే ఇంజిన్ తిరుగుతూ ఉండాల్సిందే.

ఈ 15 శాతం ఎలా పోతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని పోగొట్టే పని నేనే చేస్తాను. (నవ్వులు) చల్లని ఇంజిన్‌లో చిమ్మిన పెట్రోలు కొంత ఆవిరి కాకుండా గోడలకి అంటుకుపోతుంది. అందుకని వేడెక్కేదాకా కావలసినదానికంటే ఎక్కువ చిమ్మమని కంప్యూటర్‌కి చెప్తాం. ఆయిల్ చిక్కగా ఉంటుంది, గేర్‌బాక్సులో ఆయిల్ ఇంకా చిక్కగా. సీటు వేడి, అద్దం వేడి, ఫ్యాను, దీపాలు, అన్నిటికీ కరెంటు ఇంజిన్ నుంచే రావాలి. ఇంకోటి చాలామందికి తట్టదు. చల్లగాలి బరువు. 77 డిగ్రీల గాలికంటే 20 డిగ్రీల గాలి సుమారు 12 శాతం చిక్కగా ఉంటుంది. హైవే మీద ఆ గాలిని చీల్చుకుంటూ పోవాలి కదా.

దీనికి తోడు మన అలవాటు ఒకటి. నాన్నగారి రోజుల్లో చోక్ లాగి, బండి స్టార్ట్ చేసి, కాఫీ తాగి వచ్చి బయల్దేరేవారు. కార్బొరేటర్ బండికి అది అవసరమే. ఇప్పుడు చేతిలో రిమోట్ ఉంది, ఇంట్లోంచే పావుగంట తిప్పుతున్నాం. కదలని బండి గంటకి పావు గ్యాలన్ నుంచి అర గ్యాలన్ దాకా తాగుతుంది, మైలేజీ సున్నా. ఇప్పటి బండికి అర నిమిషం చాలు. తర్వాత నెమ్మదిగా నడిపితే ఊరికే నిలబెట్టినదానికంటే తొందరగా వేడెక్కుతుంది. పిల్లలకి చలేస్తుందని తిప్పితే నేనేమీ అనను. ఇంజిన్ కోసం తిప్పుతున్నామని మాత్రం చెప్పకండి.

ఇప్పుడు వాకిట్లో ఆగిన బండి దగ్గరికి వద్దాం. సెప్టెంబరులో మావాడు ముచ్చటపడి పెద్ద టైర్లు వేయించాడు. 31 అంగుళాలవి తీసి 33 అంగుళాలవి, గళ్లు గళ్లుగా, ట్రాక్టర్ టైర్లలాగా. డిక్కీలో మంచులో జారకుండా నాలుగు ఇసక బస్తాలు, 200 పౌండ్లు. నెత్తిన, సామాను పెట్టుకునే ఒక పెద్ద నల్ల పెట్టె.

టైర్లే ముందు. బండి ఎన్ని మైళ్లు నడిచిందో చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క మీదే కంప్యూటర్ చెప్తుంది. ఇది 31 అంగుళాల చక్రమనే అది అనుకుంటోంది. చక్రం 33 అయ్యేసరికి ఒక్కో చుట్టుకి ఆరున్నర శాతం ఎక్కువ దూరం పోతోంది, ఆ సంగతి దానికి తెలీదు. 100 మైళ్లు అని అది చెప్పినప్పుడు నిజంగా నడిచింది 106 పైన. అంటే మావాడికి వస్తున్నది 21 కాదు, 22 పైచిలుకు. లెక్క తప్పు, నష్టం కాదు. “చూశావా అత్తా, అనవసరంగా తిట్టావు” అన్నాడు. ఆగరా, స్పీడు కూడా అలాగే చూపిస్తోంది, 70 అని చూస్తున్నప్పుడు నువ్వు 74 దాటి పోతున్నావు, పోలీసుకి ఈ లెక్క చెప్పుకో అన్నాను. (నవ్వులు) కొన్ని బండ్లలో టైరు కొలత మార్చి కంప్యూటర్‌కి చెప్పొచ్చు. టైర్లు మార్చేవాళ్లు ఆ పని కూడా అడిగి చేయించుకోండి. అలాగని ఆ టైర్లవల్ల నష్టమే లేదని కాదు. బరువెక్కువ, గళ్ల టైరు దొర్లడానికి ఎక్కువ బలం కావాలి, బండి ఎత్తు పెరిగి కిందనుంచి ఎక్కువ గాలి దూరుతుంది. బండిని కావాలని పైకి లేపించుకునేవాళ్లకి ఇదే బాధ ఇంకా ఎక్కువ.

ఇసక బస్తాలు చిన్న విషయం. వంద పౌండ్లకి సుమారు ఒక శాతం.

ఇక పెట్టె. ఒప్పుకోవాలి, ఆ పెట్టె మాదే. అంతకుముందు ఏడాది మేం టెనెస్సీలో స్మోకీ కొండలు చూడ్డానికి కొన్నాం. అక్టోబరులో తిరిగొచ్చాక దింపమంటే మావారు “ఎలాగూ ఉగాదికి చికాగో వెళ్తాంగా, మళ్లీ ఎక్కించాలి” అన్నారు. ఐదు నెలలు ఖాళీ పెట్టెని మోశాం. ఇంజిన్ల పని చేసేదాన్ని, నా నెత్తిన ఖాళీ పెట్టె! ఉగాది అయ్యాక సిగ్గేసి దింపి, వీడికిచ్చాను. వీడు నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి అవే కొండలకి వెళ్లొచ్చి దింపలేదు. వంశాచారం.

ఆ కొండల దగ్గర్లోనే ఓక్ రిడ్జ్ అని జాతీయ ప్రయోగశాల ఉంది. ఇలాంటి పెట్టెల మీద పరీక్షలు అక్కడే చేశారు. పెద్ద మొద్దు పెట్టె అయితే ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17, గంటకి 65–75 మైళ్లలో పోతే 10 నుంచి 25 శాతం దాకా పోతుంది. కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. అదే సామాను కారు వెనక తగిలించే పెట్టెలో పెడితే హైవే మీద కూడా 1 నుంచి 5 శాతమే, ఎందుకంటే కారు నీడలో దాక్కుంటుంది. సామాను అదే, బరువు అదే, చోటు మారిందంతే.

పికప్ ట్రక్కులవాళ్లు వెనక తలుపు దించుకుని పోతుంటారు, గాలి తగ్గుతుందని. తిరగబడుతుంది. తలుపు మూసి ఉంటే ట్రక్కు తొట్టిలో గాలి సుడి ఒకటి నిలబడి, పైన వచ్చే గాలిని సాఫీగా జారనిస్తుంది. తలుపు దించితే ఆ సుడి చెదిరిపోతుంది. మూసుకోండి, సామానూ పడిపోదు.

ఖరీదైన ఎయిర్ ఫిల్టర్లు కొంటే మైలేజీ పెరుగుతుందని ఒక నమ్మకం. కార్బొరేటర్ల కాలంలో ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ పడిపోయేది. ఇప్పటి బండి లోపలికొచ్చిన గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు చిమ్ముతుంది. 2009లో ఇదే ఓక్ రిడ్జ్ వాళ్లు మురికిపట్టిన ఫిల్టర్లతో పరీక్షించి, మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఉరకడంలోనే తేడా అని తేల్చారు. మురికిదానికే తేడా లేనప్పుడు మామూలు శుభ్రమైన ఫిల్టరు తీసి దుబారా ఫిల్టరు పెడితే ఏమొస్తుంది? చప్పుడొస్తుంది. పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ తీసేయించుకుంటే మంచిదని ఎవరైనా చెప్తే వినకండి. అది చట్టప్రకారం నేరం.

అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు సరేసరి. ఈపీఏ ఇలాంటివి వందకి పైగా పరీక్షించింది, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఏదీ కనపడలేదు. మనకి 1996 గుర్తుందా? తమిళనాడులో మూలికలతో పెట్రోలు తయారుచేస్తున్నారని పేపర్లన్నీ రాశాయి. అప్పుడు కాలేజీలో ఉన్నాను, హాస్టల్లో రాత్రంతా వాదించుకున్నాం. నేను నమ్మిన వైపే ఉన్నాను, అది కూడా చెప్పేస్తున్నా. (నవ్వులు)

మావాడి పద్దు చూద్దాం. 28 నుంచి 21. అందులో ఒకటిన్నర దాకా టైరు చెప్పిన అబద్ధం. అర మైలు బ్యూటేన్‌ది. ఇంటి నుంచి ఆఫీసు నాలుగే మైళ్లు, బండి వేడెక్కేలోపు పార్కింగులో ఉంటాడు, కాబట్టి నాలుగు మైళ్ల దాకా చలి తినేసింది. మిగిలిన కాస్తా పెట్టె, టైర్ల బరువు, ఇసక కలిసి పంచుకున్నాయి. వాడి తిరుగుడంతా ఊళ్లోనే కాబట్టి పెట్టె వాటా చిన్నగా కనిపించింది. ఫిబ్రవరిలో పెట్టె పెట్టుకునే చికాగో వెళ్లొచ్చాడు. ఆ రాత్రే ఫోన్ చేసి, “అత్తా, పెట్టె మీకు తిరిగిచ్చేస్తాను” అన్నాడు.

ఈ పద్దు రాయడం నాకు నాన్నగారి దగ్గర వచ్చింది. ఆయన స్కూటరు డిక్కీలో ఒక ఎల్ఐసీ డైరీ ఉండేది. పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె. పెట్రోలు అడుగంటి స్కూటర్ని పక్కకి వంచి స్టార్ట్ చేసిన రోజులు కూడా రాసేవారు. నాలుగు నెలల పేజీలు తిరగేస్తే గాలి ఎప్పుడు తగ్గిందో, ప్లగ్గు ఎప్పుడు పాడైందో చెప్పేవారు. డ్యాష్‌బోర్డు మీద కనపడే అంకెని నేను అంతగా నమ్మను. ట్యాంకు నిండా పోసుకుని, మళ్లీ నిండా పోసుకునేటప్పుడు మైళ్లని గ్యాలన్లతో భాగించండి. ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పొద్దు, పంపు ఒకసారి ముందే ఆగుతుంది, ఒకసారి ఆలస్యంగా ఆగుతుంది. ఐదారు ట్యాంకుల మొత్తం మైళ్లు, మొత్తం గ్యాలన్లు తీసుకోండి. పోల్చేటప్పుడు జనవరిని పోయిన జనవరితో పోల్చండి, జులైతో కాదు.

ఇంకో చిన్న లెక్క. 15 మైళ్లిచ్చే ట్రక్కుని 18కి తెస్తే ఎక్కువ మిగులుతుందా, 30 ఇచ్చే కారుని 40కి తెస్తే ఎక్కువా? అందరూ కారనే అంటారు. వంద మైళ్లకి చూడండి. ట్రక్కులో 1.1 గ్యాలన్లు మిగిలాయి. కారులో 0.8. కాబట్టి ఇంట్లో రెండు బండ్లుంటే ముందు పెద్దదాని నెత్తిన పెట్టె దింపండి.

ప్రశ్నలుంటే అడగండి.

(పొద్దున్నే పోసుకుంటే పెట్రోలు చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందంటారు, నిజమేనా అని ఒకరు అడిగారు.)

పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది, 15 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక శాతం. అంతవరకూ నిజం. కానీ బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది అన్నయ్యగారూ. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. నిద్ర పాడుచేసుకోవద్దు.

(ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ గొడవ తప్పుతుందా అని ఇంకొకరు.)

చలి గొడవ తప్పదు. 2019లో ఇక్కడి కార్లవాళ్ల సంఘం ట్రిపుల్ ఏ వాళ్లు 20 డిగ్రీల్లో హీటరు వేసి పరీక్షిస్తే, ఒక ఛార్జితో పోయే దూరం సగటున 41 శాతం తగ్గింది. పెట్రోలు ఇంజిన్ వృథాగా పోగొట్టే వేడితోనే మనల్ని వెచ్చగా ఉంచుతుంది, దీనికి ఆ వృథా లేదు. బ్యూటేన్ గొడవ మాత్రం తప్పుతుంది.

(గుంటూరులో మా నాన్నగారు ఈ-20 వచ్చాక స్కూటరు మైలేజీ పడిపోయిందంటున్నారు, నిజమేనా మేడమ్ అని ఒక అమ్మాయి.)

శక్తి లెక్క చెప్తాను. పది శాతం ఇథనాల్ నుంచి ఇరవైకి మారితే లీటరులో శక్తి మూడున్నర శాతం దాకా తగ్గుతుంది. ఒట్టి పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం. లీటరుకి 45 వచ్చేచోట 10కి, 20కి మధ్య తేడా కిలోమీటరున్నర. కొత్త ఇంజెక్షన్ బండి ఎంత చిమ్మాలో తనే సర్దుకుంటుంది, పాత కార్బొరేటర్ బండి సర్దుకోలేదు, కాబట్టి స్కూటరు వయసుని బట్టి ఇంకొంచెం తేడా ఉండొచ్చు. ఆయన సగానికి పడిపోయిందంటే మాత్రం అది ఇథనాల్ కాదు, మెకానిక్‌కి చూపించమనండి. ఆయన డైరీ రాస్తారా? రాయరా? అయితే ఒక డైరీ కొనిపెట్టు.

ఒక్క పని మిగిలింది. ఆగస్టులో 80 డిగ్రీలప్పుడు టైర్లలో గాలి 35 పెట్టించి ఉంటే, ఇవాళ బయట 20 డిగ్రీలు, పది డిగ్రీలకి ఒక పాయింటు చొప్పున 29 ఉంటుంది. డ్యాష్‌బోర్డులో దీపం పావు వంతు తగ్గితేగాని వెలగదు, అంటే 26 దాకా నోరు మెదపదు. ఒక్కో పాయింటుకి మైలేజీ 0.2 శాతం పోతుంది, అది స్వల్పమే, మంచు మీద బ్రేకు వేసినప్పుడు సంగతి స్వల్పం కాదు. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మన బండ్లన్నీ పొద్దుటినుంచీ బయట నిలబడే ఉన్నాయి, ఇంతకంటే చల్లగా దొరకవు. నా డిక్కీలో గేజీ ఉంది, చిన్న పంపు ఉంది. వడ్డనకి ఇంకా పావుగంట పడుతుందంటున్నారు. కోట్లు వేసుకోండి, ముందు మావాడి బండితో మొదలుపెడదాం.